పద్దులో ఎక్కని అప్పు: కెర్నెల్ మాడ్యూళ్లలో వనరుల లీకును పట్టుకోవడం

పలాసలోని ఒక జీడిపప్పు కర్మాగారంలో, పప్పు ఆరబెట్టే డ్రయ్యర్ల ఉష్ణోగ్రతను నమోదు చేయడానికి అరచేతిలో పట్టేంత లినక్స్ కంప్యూటరు ఒకటి గోడకు బిగించి ఉంది. అది ఆరు రోజులు సక్రమంగా పనిచేసి ఏడో రోజున బిగుసుకుపోయేది. కరెంటు తీసి పెడితే మళ్లీ మామూలుగా నడిచేది. విజయనగరంలో నా పనిగదిలో అదే రకం బోర్డును, అదే కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం), అన్నే సెన్సార్లను పెట్టి నెల రోజులు నడిపితే ఒక్కసారి కూడా ఆగలేదు. చివరకు లోపం సెన్సార్లతో మాట్లాడే కెర్నెల్ మాడ్యూల్‌లో, అంటే కెర్నెల్ నడుస్తుండగానే దానికి తగిలించగల కోడ్ ముక్కలో, ఉందని తేలింది. ఆ వెతుకులాట నడిచిన దారిని ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను. కెర్నెల్ లీకుల గురించి మన విద్యార్థులకు సాధనాల పేర్లు బాగానే తెలుస్తున్నాయి గాని, ఏ సాధనం ఏ ప్రశ్నకు జవాబిస్తుందో, ఏ ప్రశ్నకు మౌనంగా ఉండిపోతుందో చెప్పేవారు తక్కువ.

పని కోసం తీసుకున్న వనరును పని అయ్యాక తిరిగి అప్పగించకపోవడమే లీకు. మామూలు ప్రోగ్రాములోనూ లీకులుంటాయి, కాని వాటికి ఒక హద్దు ఉంది. ప్రోగ్రాము ముగిసిన క్షణాన అది వాడుకున్న మెమరీని, తెరిచిన ఫైళ్లను, పట్టుకున్న సాకెట్లను కెర్నెల్ తానే వెనక్కి తీసుకుంటుంది. ప్రతి ప్రాసెస్‌కూ కెర్నెల్ దగ్గర విడిగా ఒక ఖాతా ఉండటమే ఇందుకు కారణం. మాడ్యూల్‌కు అటువంటి ఖాతా లేదు. పెళ్లిళ్లకు వంట సామాను అద్దెకిచ్చే దుకాణాన్ని తలచుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. ఎవరింటికి ఎన్ని గుండిగలు, ఎన్ని గంగాళాలు, ఎన్ని గరిటెలు వెళ్లాయో దుకాణదారు పద్దు పుస్తకంలో ఉంటుంది. పెళ్లయిన మర్నాడు వ్యాను వెళ్లి, లెక్క చూసుకొని అన్నీ తెచ్చుకుంటుంది. అదే దుకాణంలో పనిచేసే మనిషి గోదాములోంచి ఒక గుండిగ పట్టుకెళితే దానికి పద్దు రాసేవారుండరు. అతడు ఇంటివాడు, తెచ్చి పెడతాడన్న నమ్మకం ఒక్కటే ఆధారం. కెర్నెల్ మాడ్యూల్ అలాంటి ఇంటివాడు. మాడ్యూల్‌ను తొలగించినప్పుడు కెర్నెల్ దాని ముగింపు ఫంక్షన్‌ను ఒకసారి పిలుస్తుంది, ఆ తర్వాత మాడ్యూల్ కోడ్‌కూ దాని సొంత గ్లోబల్ డేటాకూ కేటాయించిన స్థలాన్ని తిరిగి తీసుకుంటుంది, అంతటితో ఆగిపోతుంది. కెమాలాక్ (కెర్నెల్‌లో మెమరీ అడిగే ఫంక్షన్) ద్వారా అది తీసుకున్న మెమరీ దిమ్మెల మీద ఎవరి పేరూ రాసి ఉండదు కాబట్టి, యంత్రం మళ్లీ మొదలయ్యేవరకు అవి అలాగే ఉండిపోతాయి.

మెమరీ ఒక్కటే వనరు కాదన్న సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. నిజానికి మెమరీ లీకు వీటన్నింటిలోకీ నెమ్మదైనది. ఇంటరప్ట్ లైనును, అంటే పరికరం ప్రాసెసర్‌ను పిలిచే సంకేత మార్గాన్ని, తీసుకొని వదలకుండా మాడ్యూల్ వెళ్లిపోతే, తర్వాతి ఇంటరప్ట్ వచ్చినప్పుడు ప్రాసెసర్ ఇప్పుడు లేని కోడ్‌లోకి దూకుతుంది, యంత్రం అక్కడికక్కడే కూలుతుంది. ఆపకుండా వదిలేసిన టైమర్ విషయమూ అంతే. పరికరం రిజిస్టర్ల చిరునామాల శ్రేణిని రిజర్వు చేసుకొని వదలకపోతే, మాడ్యూల్‌ను రెండోసారి ఎక్కించబోయినప్పుడు ఆ శ్రేణి ఖాళీగా లేదన్న జవాబు వస్తుంది. అంతేకాదు, ఆ శ్రేణికి పెట్టిన పేరు మాడ్యూల్ స్థలంలోనే ఉండి ఉంటే, కెర్నెల్ తన స్థితిని ఫైళ్లుగా చూపే ప్రాక్ డైరెక్టరీలోని ఐఓమెమ్ ఫైలును ఊరికే చదివినా కెర్నెల్ కూలవచ్చు. రిఫరెన్స్ లెక్క (ఒకదానిని ఎందరు వాడుతున్నారో చెప్పే అంకె) లీకయితే మాడ్యూల్ వాడుకలో ఉందంటూ ఎప్పటికీ తొలగదు. ఒక్కొక్క వనరు లీకయినప్పుడు కనిపించే లక్షణం ఒక్కొక్క రకంగా ఉంటుంది కాబట్టి, లీకు ఉందా అని కాకుండా ఏది లీకవుతోంది అని అడగడం మొదటి మెట్టు.

పలాస యంత్రంలో లీకవుతున్నది మెమరీయేనని తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఖాళీ మెమరీ రోజురోజుకూ తగ్గుతోంది, కాని టాప్ ఆదేశంలో ఏ ప్రాసెస్ కూడా పెరగడం లేదు. ఈ రెండూ కలిసి కనిపించినప్పుడు చూపును కెర్నెల్ వైపు తిప్పాలి. మెమ్‌ఇన్ఫో ఫైలులో స్లాబ్ అనే పంక్తి కింద రెండు భాగాలుంటాయి. ఒకటి అవసరమైతే కెర్నెల్ వెనక్కి లాక్కోగలిగినది, రెండోది లాక్కోలేనిది. ఫైళ్ల పేర్లనూ వివరాలనూ దాచిపెట్టుకొనే కాష్ మొదటి దానిలోకి వస్తుంది కాబట్టి అది పెరిగితే కంగారు పడనక్కరలేదు. ఇక్కడ రెండోది పెరుగుతోంది. మెమరీ అడుగంటినప్పుడు కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపి చోటు చేసుకోజూస్తుంది, కాని లీకయిన మెమరీ ఆ ప్రాసెస్‌ది కాదు కాబట్టి ఎన్నిటిని చంపినా చోటు దొరకదు. యంత్రం బిగుసుకుపోవడం వెనుక జరిగినది ఇదే.

ఈ దశలో పెద్ద సాధనాల జోలికి వెళ్లకుండా లెక్కపెట్టడం మంచిదని నా అభిప్రాయం. కెర్నెల్ చిన్న చిన్న మెమరీ దిమ్మెలను పరిమాణాలవారీగా అరల్లో పెట్టి ఇస్తుంది. 208 బైట్లు అడిగితే 192 అర చాలదు కాబట్టి 256 అరలోంచి ఒకటి ఇస్తుంది. ఏ అరలో ఎన్ని దిమ్మెలు వాడుకలో ఉన్నాయో స్లాబ్‌ఇన్ఫో ఫైలులో కనిపిస్తుంది. ఆ ఫైలును పది నిమిషాలకోసారి నకలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, మిగతా అరలు హెచ్చుతగ్గులవుతుండగా 256 అర మాత్రం ప్రతిసారీ దాదాపు 3,000 చొప్పున పెరుగుతోంది. పది నిమిషాలంటే 600 సెకన్లు, అంటే సెకనుకు 5 దిమ్మెలు. రోజుకు 86,400 సెకన్ల లెక్కన 4,32,000 దిమ్మెలు, ఒక్కొక్కటి 256 బైట్లు, మొత్తం సుమారు 110 మెగాబైట్లు. ఒక గిగాబైట్ మెమరీ ఉన్న ఆ బోర్డులో మొదలైనప్పుడు దాదాపు 700 మెగాబైట్లు ఖాళీగా ఉంటుంది. 700ను 110తో భాగిస్తే ఆరు రోజులు దాటి కొన్ని గంటలు. యంత్రం ఆగిపోతున్న గడువుతో ఈ లెక్క సరిపోయింది కాబట్టి, ఇదే అసలు లీకని, పక్కదారి కాదని నమ్మకం కుదిరింది. ఇలా లీకు వేగాన్నీ కూలే గడువునూ జోడించి చూసుకోకుండా కోడ్‌లోకి దిగితే, కనిపించిన ఏదో చిన్న లోపాన్ని సరిచేసి పని అయిందనుకొనే ప్రమాదం ఉంది.

సెకనుకు కచ్చితంగా 5 అన్న అంకె మరో మేలు చేసింది. యంత్రం మొత్తం 24 సెన్సార్లను సెకనుకు ఒకసారి పలకరిస్తుంది. చదివిన ప్రతిసారీ లీకయితే 24 చొప్పున పెరగాలి. ఎప్పుడో ఒకసారి లీకయితే అంకె నిలకడగా ఉండకూడదు. ఈ అయిదు ఎక్కడివో అర్థం కాకుండా నేను తెర ముందు కూర్చున్నప్పుడు, డ్రయ్యర్లు చూసుకొనే పెద్ద మేస్త్రి పక్కన నిలబడి, "మూడో డ్రయ్యరు ఇప్పేసిన కాడి నుంచే ఇది ఆగిపోతంది బాబూ" అన్నాడు. మూడో డ్రయ్యరును మరమ్మతు కోసం విప్పేశారు, దాని సెన్సార్ల తీగలు పీకేసి గోడకు కట్టేశారు. ఆ డ్రయ్యరుకు ఉన్న సెన్సార్లు అయిదు. సాఫ్ట్‌వేరు మాత్రం వాటిని సెకనుకు ఒకసారి పలకరిస్తూనే ఉంది, జవాబు రాక గడువు ముగుస్తూనే ఉంది. నా గదిలో 24 సెన్సార్లూ తగిలించి ఉన్నాయి కాబట్టి నెల రోజులు నడిపినా అక్కడ లోపం బయటపడలేదు. కెర్నెల్ లీకుల్లో చాలా భాగం ఇలాగే పని సవ్యంగా సాగే దారిలో కాకుండా, పని విఫలమయ్యే దారిలో ఉంటాయి. పరీక్షలు మొదటి దారిలోనే నడుస్తాయి, కర్మాగారాలు రెండో దారిలోనూ నడుస్తాయి.

విజయనగరం తిరిగి వచ్చి అయిదు తీగలు పీకేయగానే నా బోర్డులోనూ అదే వేగంతో లీకు మొదలైంది. అప్పుడు కెమెమ్‌లీక్‌ను ఆశ్రయించాను. కాటలిన్ మరీనాస్ రాసిన ఈ సాధనం 2009లో 2.6.31 వెర్షన్‌తో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. కెర్నెల్‌ను దీనితో కలిపి ప్రత్యేకంగా కంపైల్ చేసుకోవాలి, వేగం బాగా తగ్గుతుంది కాబట్టి పరీక్ష యంత్రంలోనే వాడాలి. ఇచ్చిన ప్రతి మెమరీ దిమ్మె చిరునామానూ, పరిమాణాన్నీ, అడిగిన ఫంక్షన్ల వరుసనూ ఇది రాసుకుంటుంది. సాధారణంగా పది నిమిషాలకోసారి గ్లోబల్ డేటాను, స్టాకులను, అక్కడినుంచి చేరుకోగలిగిన దిమ్మెలను జల్లెడ పట్టి, ఏ దిమ్మె చిరునామా ఎక్కడైనా కనిపిస్తుందో చూస్తుంది. మన దుకాణం భాషలో చెప్పాలంటే, ఊళ్లో ప్రతి ఇంటికీ వెళ్లి ప్రతి జేబూ తడిమి, ఈ గుండిగ ఎక్కడుందో రాసిన చీటీ ఎవరి దగ్గరైనా ఉందా అని వెతకడం. ఏ జేబులోనూ చీటీ లేకపోతే ఇక దానిని తిరిగి ఇవ్వగలిగేవారు లేరు, అది పోయినట్టే. దిమ్మె మొదటి చిరునామాయే కానక్కరలేదు, మధ్యలోకి చూపించే పాయింటర్ (చిరునామాను దాచుకొన్న విలువ) ఉన్నా చాలు.

కెమెమ్‌లీక్ నివేదిక ఖాళీగా వచ్చింది. గంటకు 18,000 దిమ్మెలు పోతుండగా ఈ సాధనం ఒక్కదాని పేరు కూడా చెప్పలేదు. ఈ మౌనాన్ని లీకు లేదని అర్థం చేసుకోకూడదు, కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఎవరి చేతిలోనూ చీటీ లేని వస్తువులనే ఇది పట్టగలదు. చీటీ గోడకున్న మేకుకు వేలాడుతూ ఉండి, ఆ చీటీ చూసి వస్తువును తిరిగి ఇవ్వాలన్న తలంపు మాత్రం ఎవరికీ లేకపోతే, అది ఈ సాధనం దృష్టిలో లీకు కాదు. పోయిన దిమ్మెలు ఏదో ఒక లిస్టుకు తగులుకొని ఉన్నాయని, ఆ లిస్టు మొదలు మాడ్యూల్ గ్లోబల్ డేటాలో ఉందని ఊహించడానికి ఈ మౌనమే ఆధారం. ఊహను నిర్ధారించుకొనే దారి ఒకటుంది. మాడ్యూల్‌ను తొలగించి, ఆ తర్వాత కెమెమ్‌లీక్‌తో ఒకసారి జల్లెడ పట్టించాలి. మాడ్యూల్‌తో పాటు దాని గ్లోబల్ డేటా పోతుంది, లిస్టు మొదలు తెగిపోతుంది. దిమ్మెలు ఒకదానికొకటి చూపుకుంటూ గుండ్రంగా ముడిపడి ఉన్నా, బయటినుంచి వాటిని చేరే దారి లేదు కాబట్టి అన్నీ ఒక్కసారిగా నివేదికలోకి వస్తాయి. నా విషయంలో అలాగే వేల సంఖ్యలో వచ్చాయి. ఒక జాగ్రత్త అవసరం. మాడ్యూల్ తొలగాక దాని ఫంక్షన్ల పేర్లు నివేదికలో కనిపించవు, వట్టి చిరునామాలే ఉంటాయి. కాబట్టి తొలగించడానికి ముందే సిస్ డైరెక్టరీలో ఆ మాడ్యూల్ టెక్స్ట్ సెక్షన్ (కోడ్ ఉండే భాగం) ఎక్కడ మొదలవుతుందో రాసిపెట్టుకొంటే, తీసివేతతో ఏ ఫంక్షనో లెక్క కట్టుకోవచ్చు.

కెమెమ్‌లీక్ తప్పుగా కేకలు వేసే సందర్భాలూ ఉన్నాయి. పాయింటర్‌ను పరికరం రిజిస్టరులో మాత్రమే దాచినా, భౌతిక చిరునామాగా మార్చి పెట్టుకున్నా అది గుర్తించలేదు. పేజీల లెక్కన నేరుగా తీసుకున్న మెమరీని అది అనుసరించదు, కాబట్టి చీటీ ఆ పేజీల్లో ఉంటే చూడలేదు. దీనికి విరుద్ధంగా స్టాకులో మిగిలిపోయిన పాత విలువ ఒకటి పాయింటర్‌లా కనిపించి నిజమైన లీకును కప్పిపెట్టవచ్చు. అందువల్ల ఒక్కసారి జల్లెడ పట్టి తీర్పు చెప్పకుండా, ముందు పాత నివేదికను తుడిచేసి, అనుమానమున్న పనిని చాలాసార్లు చేయించి, రెండు మూడుసార్లు జల్లెడ పట్టించడం అలవాటు చేసుకోవాలి.

చీటీ ఉన్న లీకును నేరుగా పట్టడానికి సరైన ప్రశ్న వేరు. ఇప్పుడు వాడుకలో ఉన్న దిమ్మెలను ఎవరు ఎప్పుడు తీసుకున్నారు అన్నది ఆ ప్రశ్న. కెర్నెల్‌ను స్లబ్ డీబగ్ పరామితికి యూ అక్షరం జోడించి మొదలుపెడితే, ప్రతి దిమ్మెతో పాటు దానిని అడిగిన చోటు, అడిగిన సమయం నమోదవుతాయి. ఒకే పరిమాణమున్న వేర్వేరు అరలను కెర్నెల్ పొదుపు కోసం కలిపేస్తుంటుంది కాబట్టి, మాడ్యూల్ తనకంటూ సొంత అర పెట్టుకొని ఉంటే ఆ కలపడాన్ని కూడా ఆపాలి. లోపాలు వెతికేవారి కోసం కెర్నెల్ వివరాలు చూపే డీబగ్‌ఎఫ్ఎస్‌లో ఆ అర పేరు కింద ఉండే అలాక్-ట్రేసెస్ ఫైలును చదివితే, ఒక్కొక్క చోటునుంచి ఎన్ని దిమ్మెలు బయట ఉన్నాయో, వాటి కనిష్ఠ, సగటు, గరిష్ఠ వయసులెంతో జిఫీలలో (కెర్నెల్ టైమర్ టిక్కులలో) కనిపిస్తాయి. ఈ వయసులను శ్రద్ధగా చదవాలి. మొదలైనప్పుడు ఒకేసారి తీసుకొని చివరిదాకా ఉంచుకొనే దిమ్మెలన్నింటికీ వయసు ఒకటే ఉంటుంది, అది లీకు కాదు. వెంటవెంటనే తీసుకొని వదిలే దిమ్మెలన్నీ చిన్న వయసులో ఉంటాయి, అదీ లీకు కాదు. కనిష్ఠం సున్నాకు దగ్గరగా, గరిష్ఠం మాడ్యూల్ ఎక్కిన సమయానికి దగ్గరగా, సగటు సరిగ్గా సగం దగ్గర ఉంటే, ఒకే వేగంతో తీసుకుంటూ ఏదీ తిరిగి ఇవ్వడం లేదన్నమాట. గంట నడిపాక నాకు కనిపించిన పంక్తి అలాగే ఉంది, దాని పక్కన ఫంక్షన్ పేరు కూడా ఉంది. 2024లో వచ్చిన 6.10 వెర్షన్ నుంచి ఈ పని మరింత సులువైంది. మెమరీ కేటాయింపుల లెక్కను ఆన్ చేసుకుంటే, ప్రాక్ డైరెక్టరీలోని అలాక్‌ఇన్ఫో ఫైలు ఏ సోర్సు ఫైలులో ఏ పంక్తి ఎన్ని బైట్లు పట్టుకొని ఉందో నేరుగా చెబుతుంది, దాని భారమూ తక్కువే. పలాస బోర్డు కెర్నెల్ అంతకంటే పాతది కాబట్టి నాకు ఆ వసతి లేకపోయింది.

ఇక కోడ్ సంగతి. సెన్సార్‌ను చదవమన్న ప్రతిసారీ మాడ్యూల్ 208 బైట్ల అభ్యర్థన ఒకటి తయారుచేసి, ఎదురుచూస్తున్న అభ్యర్థనల లిస్టుకు తగిలించి, తీగ మీద ప్రశ్న పంపి, 100 మిల్లీసెకన్లు ఆగుతుంది. జవాబు వస్తే, ఆ జవాబును అందుకొనే భాగం వరుస సంఖ్యను బట్టి అభ్యర్థనను వెతికి, లిస్టులోంచి తీసి, నిద్రపోతున్న భాగాన్ని లేపుతుంది. లేచిన భాగం విలువను తీసుకొని దిమ్మెను వదిలేస్తుంది. గడువు ముగిస్తే మాత్రం లోపసంకేతం తిరిగి ఇచ్చి ఊరుకుంటుంది. అభ్యర్థన లిస్టులోనే ఉండిపోతుంది. ఆలస్యంగానైనా జవాబు వచ్చినప్పుడు దానిని తీసేయవచ్చని రాసినవారు అనుకొని ఉంటారు. తీగ తెగిన సెన్సార్‌నుంచి ఆలస్యంగా కూడా జవాబు రాదు.

గడువు ముగిసినచోట లిస్టులోంచి తీసి, మెమరీని వదిలే కెఫ్రీని పిలిస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే లీకు పోయి దానికంటే భయంకరమైన లోపం వస్తుంది. గడువు ముగిసిన సరిగ్గా ఆ క్షణానే జవాబు వస్తే, దానిని అందుకొనే భాగం అభ్యర్థనను అప్పటికే చేతిలోకి తీసుకొని విలువ రాస్తూ ఉంటుంది. ఇటువైపు మనం ఆ దిమ్మెను వదిలేస్తాము. అది వెంటనే మరెవరికో కేటాయింపబడుతుంది, విలువ వారి డేటా మీద పడుతుంది. ఒకే దిమ్మెకు ఇద్దరు యజమానులున్నప్పుడు ఎవరు ముందు వెళ్లిపోతారో తెలియదు కాబట్టి, చివర వెళ్లేవారే దీపం ఆర్పాలన్న ఏర్పాటు కావాలి. కెర్నెల్‌లో దానికి కెరెఫ్ అనే రిఫరెన్స్ లెక్క ఉంది. అభ్యర్థన తయారైనప్పుడు ఎదురుచూసే భాగం పేర ఒక లెక్క, లిస్టు పేర మరో లెక్క పెట్టాలి. లాక్ పట్టుకొని ఎవరు లిస్టులోంచి తీస్తే లిస్టు తాలూకు లెక్క వారికి దక్కుతుంది, పని అయ్యాక వారే దానిని తగ్గించాలి. ఎదురుచూసే భాగం తన లెక్కను తాను తగ్గించుకుంటుంది. సున్నాకు చేరినప్పుడే దిమ్మె విడుదలవుతుంది. మాడ్యూల్ ముగింపు ఫంక్షన్‌లో ముందు ఇంటరప్ట్‌ను ఆపి, తర్వాతే లిస్టును ఖాళీ చేయాలి. సరిచేసిన కోడ్‌ను, మెమరీ తప్పులను పట్టే కాసాన్ ఆన్ చేసిన కెర్నెల్ మీద ఒకసారి నడపకుండా నేను నమ్మను, వదిలేసిన మెమరీని ముట్టుకున్న మరుక్షణం అది కేక వేస్తుంది.

కెర్నెల్ రచయితలే ఈ రెండు లోపాల్లో ఏది తక్కువ హానికరమో తేల్చిన సందర్భం ఒకటుంది. 2017లో 4.11 వెర్షన్‌తో వచ్చిన రిఫ్‌కౌంట్-టి అనే రకం, లెక్క హద్దు దాటిపోయే పరిస్థితి వస్తే తిరిగి సున్నాకు దొర్లిపోకుండా ఒక విలువ దగ్గర గడ్డకట్టి హెచ్చరిక రాస్తుంది. అంటే ఆ వస్తువు ఎప్పటికీ విడుదల కాదు, తెలిసి తెలిసి లీకు చేస్తుంది. వాడుకలో ఉన్నదానిని విడుదల చేస్తే దాడి చేసేవారికి తలుపు తెరిచినట్టు అవుతుంది కాబట్టి ఆ ఎంపిక సరైనదే.

మరో ఆకర్షణ డెవ్ఎమ్ ఫంక్షన్లు. తేజున్ హియో 2007లో 2.6.21 వెర్షన్‌కు తెచ్చిన ఈ ఏర్పాటులో, తీసుకున్న వనరు పరికరం పేర పద్దుకు ఎక్కుతుంది, పరికరం డ్రైవర్‌నుంచి విడిపోయినప్పుడు తీసుకున్న వరుసకు తలకిందులుగా అన్నీ వాటంతటవే విడుదలవుతాయి. ఇంటివాడికి కూడా పద్దు పుస్తకం పెట్టడం వంటిదే ఇది. మొదలయ్యేటప్పుడు తీసుకొనే వనరులకు ఇంతకంటే మంచి మార్గం లేదని నేను నమ్ముతాను. అయితే మా మాడ్యూల్‌లో కెమాలాక్ బదులు దీనిని పెట్టి ఉంటే ఏమీ మారేది కాదు. పరికరం ఆరు రోజులూ విడిపోకుండా ఉంటుంది, పద్దు పెరుగుతూనే ఉంటుంది. తొలగించినప్పుడు అన్నీ శుభ్రంగా విడుదలై, నివేదికలు కూడా ఖాళీగా వచ్చి, లోపం మరింత లోతుకు దాక్కునేది. వనరు ఆయుష్షు పరికరం ఆయుష్షుతో సమానమైనప్పుడే ఇది పనికొస్తుంది.

విఫలమయ్యే దారులన్నీ పరీక్షించడానికి ప్రతిసారీ తీగలు పీకనక్కరలేదు. మొదలుపెట్టే ఫంక్షన్‌లో ఆరు వనరులు ఒకదాని తర్వాత ఒకటి తీసుకుంటుంటే, నాలుగోది దొరకనప్పుడు మొదటి మూడింటిని తలకిందులుగా వదలాలి. సీ భాషలో దీనికి గోటు మెట్లు (విఫలమైన చోటునుంచి దూకి దిగే విడుదల పంక్తులు) కట్టుకుంటారు. తర్వాత ఎవరో మధ్యలో కొత్త వనరును చేర్చి మెట్టు చేర్చడం మరిచిపోతారు. మెమరీ దొరకకపోవడం నిజ జీవితంలో అరుదు కాబట్టి ఆ పంక్తులు ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా నడవవు. కెర్నెల్‌లోని ఫెయిల్‌స్లాబ్ ఆ వైఫల్యాన్ని మనం కోరినప్పుడు కలిగిస్తుంది. దానిలో నాకు బాగా నచ్చినది ఫెయిల్-ఎన్త్ అనే సదుపాయం. ఒక థ్రెడ్‌కు సంబంధించిన ఆ ఫైలులో 1 రాస్తే ఆ థ్రెడ్ చేసే మొదటి కేటాయింపు విఫలమవుతుంది, 2 రాస్తే రెండోది. ఒక్కొక్క అంకె పెంచుతూ మాడ్యూల్‌ను ఎక్కించి, ప్రతిసారీ కెమెమ్‌లీక్‌తో జల్లెడ పట్టిస్తూ, ఇక ఏ కేటాయింపూ విఫలం కాని అంకె వచ్చేదాకా సాగితే, కేటాయింపులు తప్పే దారులన్నింటినీ వరుసగా నడిచినట్టు అవుతుంది. ఇదే మాడ్యూల్‌లో నాలుగో అంకె దగ్గర 64 బైట్ల లీకు ఒకటి బయటపడింది. అది పలాసలో ఎన్నడూ హాని చేసి ఉండదు, అయినా సరిచేశాను. 2023లో 6.5 వెర్షన్ నుంచి, పరిధి ముగిసినప్పుడు కంపైలరే విడుదల చేసేలా చలరాశికి గుర్తు పెట్టే వీలు వచ్చింది కాబట్టి, కొత్తగా రాసే కోడ్‌లో ఈ గోటు మెట్ల అవసరం తగ్గుతోంది.

మెమరీ సాధనాలు వేటికీ చిక్కని లీకుల గురించి కూడా కొంత చెప్పాలి. పరికరాన్ని నిద్ర లేపడానికి వాడే పీఎమ్ రన్‌టైమ్ గెట్ సింక్ అనే ఫంక్షన్ విఫలమైనప్పటికీ వాడుక లెక్కను పెంచేస్తుంది. విఫలమైంది కదా అని లెక్క తగ్గించకుండా వెనుదిరిగిన డ్రైవర్లు ఎన్నో ఉండేవి. ఆ పరికరం ఇక ఎప్పటికీ నిద్రపోదు, ఒక్క బైటు కూడా పోదు, బ్యాటరీ మాత్రం పోతుంది. విఫలమైతే లెక్కను తానే సరిచేసే మరో ఫంక్షన్‌ను 5.10 వెర్షన్‌లో చేర్చారు. బోర్డులోని పరికరాలను వర్ణించే డివైస్ ట్రీ నోడ్ల మీద తిరిగే లూపులోంచి మధ్యలో బయటికి వస్తే, చేతిలో ఉన్న నోడ్ లెక్కను తగ్గించి రావాలి, లేకపోతే అదీ లీకే. నెట్‌వర్క్ పరికరం విషయంలో, లెక్క లీకయితే ఆ పరికరం విడుదల కావడానికి ఎదురుచూస్తున్నామన్న సందేశం కెర్నెల్ లాగులో పది సెకన్లకోసారి పడుతుంది, కాని లెక్క ఎవరు పెంచారో చెప్పదు. పెంచిన ప్రతివారి జాడనూ విడిగా నమోదు చేసే రెఫ్-ట్రాకర్ 2022లో 5.17తో వచ్చాక ఆ వెతుకులాట కొంత తేలికైంది. ఇలాంటి లెక్కలకు వట్టి అంకె చాలదు, పెంచినవారి పేరు కూడా కావాలి.

సరిచేసిన మాడ్యూల్‌ను పలాస తీసుకెళ్లేముందు, నా గదిలో అయిదు తీగలూ పీకేసి పన్నెండు రోజులు నడిపాను. 256 అరలోని అంకె మొదటి అరగంటలో కొంత పెరిగి, ఆ తర్వాత ఒకే చోట ఊగుతూ నిలిచింది. అది కాక, జవాబు గడువు అంచున పడేలా సెన్సార్ వైపు కావాలనే 100 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టి, కాసాన్‌తో మరో రెండు రోజులు నడిపాను, కేక రాలేదు. మాడ్యూల్‌ను తొలగించి జల్లెడ పట్టిస్తే కెమెమ్‌లీక్ ఫైలు ఖాళీగా ఉంది. ఈసారి ఆ ఖాళీని నమ్మవచ్చు, ఎందుకంటే సరిచేయకముందు ఇదే పద్ధతిలో ఇదే ఫైలు నిండి ఉండటం చూశాను. కర్మాగారంలో కొత్త మాడ్యూల్ ఎక్కించిన రోజుకు మూడో డ్రయ్యరు ఇంకా విప్పే ఉంది. దాని తీగలను ఇంకొన్ని వారాలు అలాగే వదిలేయమని మేస్త్రిని అడిగి, స్లాబ్‌ఇన్ఫోను గంటకోసారి ఫైలులో రాసే చిన్న స్క్రిప్టును యంత్రంలో ఉంచి వచ్చాను.